గాలివాన వెనుక వచ్చువారు

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినది. కూలిన విద్యుత్ స్తంభములను, పైకప్పు చెదరిన విమానాశ్రయమును, మోడువారిన కైలాసగిరిని దేశమంతయు చూచినది. ఆ గాలియే అనంతగిరి కొండలనెక్కి, అరకులోయలో కాఫీ తోటలకు నీడనిచ్చు సిల్వర్ ఓక్ వృక్షములను వేలకొలదిగా పెల్లగించిన సంగతి మాత్రము చాలమంది కంట పడలేదు. ఆ చెట్టు ఒంటరిగా కూలదు. దానిని అల్లుకొన్న మిరియపు తీగ దానితో పడును; దాని నీడన పెరిగిన కాఫీ మొక్క దాని క్రిందనే నలిగిపోవును. గిరిజన రైతునకు మూడు ఆధారములు ఒక్క గాలిలో పోయినవి.

తుపాను వెనుకనే ప్రభువులు వచ్చినారు. నాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు విశాఖలో మకాము వేసి సహాయ కార్యక్రమములను నడిపినారు. ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 14వ తేదీన వచ్చి వేయి కోట్ల రూపాయల తాత్కాలిక సహాయమును ప్రకటించినారు. పదవిలోనున్నవారు ఆపదవేళ వచ్చుట తప్పు కాదు, రాకుండుటయే తప్పు. మంత్రి దగ్గర నిలిచినచో దీపములు వేగముగా వెలుగుననియు, మంచినీటి బండి త్వరగా చేరుననియు ఎరుగనివారు లేరు. కనుక ఆక్షేపణ వారి రాకను గూర్చి కాదు. ఆ రాకను ఓటుగా మార్చుకొను విద్యను గూర్చి.

ఆ విద్య యెంతవరకు పోగలదో తెలుగువారు 2013 జూన్‌లో చూచినారు. కేదారనాథ వరదలలో చిక్కుకొన్న తెలుగు యాత్రికులను ఇండ్లకు చేర్చుటకు ప్రభుత్వ పక్షము వారును, తెలుగుదేశము వారును వేర్వేరుగా విమానములను ఏర్పాటు చేసినారు. డెహ్రాడూను విమానాశ్రయములో, ఆ యాత్రికులను ఎవరి విమానము ఎక్కించవలెనను తగవు వచ్చి, కాంగ్రెసు, తెలుగుదేశము పార్లమెంటు సభ్యులు కెమెరాల యెదుటనే కలియబడినారు. సార్వత్రిక ఎన్నికలకు అప్పటికి ఏడాది కూడ లేదు. ఇల్లు కాలి ఒకడు ఏడ్చుచుండగా చుట్టకు నిప్పు అడిగినవాడు పాత సామెతలోని వాడు. నేటివాడు అంతటితో తృప్తిపడడు. మంటలు ఆర్పినది తానేయని కాగితము మీద అచ్చు వేయించి కాలిన గోడకు అంటించును. ఇది సామెతను సాగదీయుట కాదు. 2015 డిసెంబరులో చెన్నై నగరము నీట మునిగినప్పుడు, సహాయపు పొట్లముల మీద ముఖ్యమంత్రి జయలలిత బొమ్మను అంటించుచున్నారని పాలకపక్షపు కార్యకర్తలపై విమర్శలు చెలరేగినవి.

ఆ పొట్లములోని బియ్యము ఎవరిది? 2005లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టము క్రింద ప్రతి రాష్ట్రమునకు ఒక విపత్తు సహాయ నిధి కలదు. ఆంధ్రప్రదేశము వంటి రాష్ట్రములలో అందు మూడు పాళ్లు కేంద్రము, ఒక పాలు రాష్ట్రము వేయును. పోయిన ప్రాణమునకు ఎంత, కూలిన ఇంటికి ఎంత, నశించిన తోటకు హెక్టారునకు ఎంత యనునది ముందుగానే వ్రాసియున్న లెక్క. సంతలో సబ్బు బిళ్ల కొన్న గిరిజన స్త్రీ కట్టిన పన్నులోనిదే ఆ సొమ్ము. అయినను హక్కుగా రావలసినది దయగా చేతికి వచ్చినప్పుడు పుచ్చుకొన్నవాడు తల వంచును. నాయకునకు కావలసిన పంట ఆ వంచిన తలయే.

కాఫీ మొక్క నాటిన మూడు నాలుగేండ్లకు గాని కాపునకు రాదు. నీడచెట్టు ఎదుగుటకు ఇంకను కాలము పట్టును. అనగా కొండమీద తుపాను రెండు భాగములుగా నడచును. మొదటిది కొన్ని గంటలది, రెండవది కొన్ని యేండ్లది. కెమెరాలు మొదటి దానికే వచ్చును. రెండవ దానిలో చేయవలసిన పనులు చూపులకు చప్పనివి: పడిన చెట్ల లెక్క, కలపను అమ్ముకొనుటకు అనుమతి, కొత్త నారుమళ్లు, అప్పుల వాయిదా, పట్టా లేని పోడు భూమిలో పోయిన తోటకు నష్టము వ్రాయుట ఎట్లన్న చిక్కు. వీనికి శిలాఫలకము ఉండదు. రిబ్బను కత్తిరింపు ఉండదు. గుమాస్తా బల్లయొద్దకు పదిసార్లు పోయి అడుగు ఓపిక ఒక్కటే వీనికి పనికివచ్చు పనిముట్టు.

ఆ రెండవ భాగము నడచుచుండగనే, తుపాను వెడలి పదమూడు నెలలు నిండకముందే, 2015 నవంబరు 5వ తేదీన ప్రభుత్వపు 97వ నంబరు ఉత్తరువు వెలువడినది. చింతపల్లి వైపు జెర్రెల అడవిలో 1,212 హెక్టార్లను బాక్సైటు త్రవ్వకమునకు మళ్లించు ఉత్తరువది. గిరిజనులు ఆందోళన చేయగా ప్రభుత్వము దానిని నిలిపివేసినది. తరువాతి ప్రభుత్వము 2019లో రద్దు చేసినది. బాక్సైటు ఒప్పందములకు 2005లోనే శ్రీకారము చుట్టినది కాంగ్రెసు ప్రభుత్వము గనుక, ఈ విషయమున ఏ పక్షమును మరొక పక్షమునకు నీతి చెప్పగల స్థితిలో లేదు. కాఫీ మొక్కకు నీడ కావలెనని ఒకనాడు కన్నీరు కార్చి, మరునాడు అడవినే గనికి వ్రాసి యిచ్చుటలోని వింతను కొండవారు గ్రహింపలేదనుకొనుట పొరపాటు.

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను శ్రీకాకుళపు ఉద్దానములో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టము చేసినది. ఎన్నికలకు ఆరు నెలలున్నవి. తెలుగుదేశము అప్పటికే కేంద్రములోని కూటమిని వీడియుండెను. ఇక కొబ్బరిచెట్టు కథ వెనుకబడి, కేంద్రము ఏమిచ్చినది, పరామర్శకు ఎవరు వచ్చినారు, ఎవరు రాలేదన్న వాదము ముందునకు వచ్చినది.

ఇట్టి చోట ప్రజలు కోరునది మితవాదిని. ఆ మాటకు నేడు విలువ పలచబడినది. 1907 సూరతు కాంగ్రెసు చీలికను బడిలో చదువుకొన్నవారికి మితవాది యనగా అర్జీలు వ్రాసుకొను మెత్తనివాడని ఒక తలపు. మన్యమునకు ఆ మాట బొత్తిగా పొసగదనియు తోచును. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున తిరుగబడిన గడ్డ అది. కాని ఆ తిరుగుబాటునకు పూర్వరంగము చూచినచో, సరియైన కూలి యీయక కొండవారిచేత రోడ్డుపని చేయించిన గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ కనబడును. అచ్చట మొదట మితము తప్పినది అధికారము. మితవాది యనగా గొంతు లేనివాడు కాడు. తాను చేయగలిగినది ఎంతో, చేయలేనిది ఎంతో కొలిచి చెప్పువాడు. ఇతరుల సొమ్ము మీద తన బొమ్మ వేయుటకు సిగ్గుపడువాడు.

అట్టివారు లేకపోలేదు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో దివిసీమ శవాల దిబ్బయైనది. అవనిగడ్డ ప్రతినిధి మండలి వెంకట కృష్ణారావు బాధితుల నడుమనే ఉండి చేసిన సేవకు ఆ ప్రాంతము వారు ఆయనను దివిసీమ గాంధీ యని పిలిచినారు. ప్రపంచ తెలుగు మహాసభలు నడిపిన విద్యామంత్రిగా ఉపాధ్యాయలోకము ఆయనను ఎరుగును. మూడు నెలల తరువాత, 1978 ఎన్నికలలో, దివిసీమ ఆయననే మరల ఎన్నుకొన్నది. సేవ చేసినవానికి ఓటు వేయుట కృతజ్ఞత; అందు దోషము లేదు. ఓటు కొరకే సేవను ప్రదర్శించుట వేరు సంగతి. ఈ రెంటికిని నడుమ గీత సన్ననిదే గాని, దానిని బాధితులు ఇట్టే పోల్చుకొందురు.

అరకు లోక్‌సభ స్థానము పాలకొండ నుండి రంపచోడవరము వరకు ఏడు శాసనసభా నియోజకవర్గములు గలది. అచ్చట నెమ్మదస్తుడు పోటీకి దిగుట సులభము కాదు. 2018 సెప్టెంబరు 23వ తేదీన డుంబ్రిగూడ మండలము లిప్పిటిపుట్టు వద్ద అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావును, మాజీ సభ్యుడు శివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపినారు. ఆ తరువాతి ఎన్నికలలో, 2019లో, అరకు లోక్‌సభ స్థానమున అభ్యర్థులెవరును అక్కరలేదని నోటా మీట నొక్కినవారు సుమారు 48 వేల మంది. ఆ యేడు దేశములో నోటాకు మిక్కిలి ఎక్కువ ఓట్లు పడిన స్థానములలో అది ఒకటి. 2024లో ఆ సంఖ్య 50 వేలు దాటినది. యంత్రము తెలియక కొందరు చివరి మీట నొక్కియుండవచ్చును. చదువు తక్కువైన చోట ఆ మాటను కొట్టివేయరాదు. కాని వరుసగా రెండు ఎన్నికలలో ఇన్ని వేలమంది చేసినదానిని వేలి పొరపాటని సరిపెట్టుకొనుట పక్షములకు అనుకూలమైన వ్యాఖ్యానము మాత్రమే.

2009లో అరకు నుండి గెలిచిన కిశోర్ చంద్రదేవ్ అటవీ హక్కుల బిల్లును పరిశీలించిన సంయుక్త పార్లమెంటరీ సంఘమునకు అధ్యక్షులు. కేంద్రమంత్రిగా నుండియు బాక్సైటు త్రవ్వకమును వ్యతిరేకించినారు. 2014లో రాష్ట్ర విభజనపై ఆగ్రహమునకు కాంగ్రెసుతో పాటు ఆయనయు కొట్టుకొనిపోయినారు. 2019లో ఆయనను ఓడించిన గొడ్డేటి మాధవి అంతకు ముందు వ్యాయామోపాధ్యాయిని. 2024లో గెలిచిన గుమ్మ తనుజారాణి వైద్యురాలు. పంతులమ్మను, వైద్యురాలిని పార్లమెంటుకు పంపిన కొండలకు నెమ్మదితనము రుచింపదని ఎవరు చెప్పగలరు? అభ్యర్థి పేరు కొండ క్రింద, పక్షపు కార్యాలయములో నిర్ణయమగుచున్నంత కాలము ఎంత మంచి మనిషియైనను ఆ కార్యాలయపు మాటనే పలుకవలసివచ్చును. చిక్కు అక్కడ ఉన్నది.

హుద్‌హుద్ నాడు నాలుగైదేండ్ల వయసున్న బాలిక 2029 సార్వత్రిక ఎన్నికల నాటికి ఓటరు. ఆమె చదివిన ఆశ్రమ పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడు విపత్తు సహాయ ప్రమాణముల పట్టికను ఒక్కమారు నల్లబల్ల మీద వ్రాయించిన చాలును. హెక్టార్లను రూపాయలచే హెచ్చవేయుట ఆరవ తరగతి పని. తండ్రి తోటకు రావలసినది ఎంత, వచ్చినది ఎంత యని ఆమె పుస్తకములో వ్రాసికొన్న పక్షమున, బియ్యపు సంచితో గుమ్మమెక్కిన అభ్యర్థి ఆ రెండు అంకెలను చూచిన తరువాతనే ప్రసంగము మొదలుపెట్టవలసియుండును.