పోయిన మెయిల్ వెనక్కి రాదు

మన ల్యాబుల్లో టెస్టింగ్ అంటే ఒకటే ప్రశ్న: "రన్ అయ్యిందా?" అయ్యిందంటే రికార్డులో అవుట్‌పుట్ రాసేసి సంతకం పెట్టించుకుంటాం. చాలా ప్రోగ్రాములకి అది సరిపోతుందేమో గానీ, మెయిలింగ్ లిస్టు నడిపే సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అస్సలు సరిపోదు. దాని అవుట్‌పుట్ మన స్క్రీన్ మీద పడదు, వందలమంది ఇన్‌బాక్సుల్లో పడుతుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు కదా, మెయిల్ సంగతీ అంతే.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తున్నా. క్లబ్బుకో, డిపార్ట్‌మెంటుకో మెయిలింగ్ లిస్టు పెట్టేవాళ్ళు ఎవరైనా సరే, ఒక్క అసలు సభ్యుణ్ణి కూడా చేర్చకముందే ఆ సాఫ్ట్‌వేర్‌ని కమాండ్ లైన్ నుంచి పరీక్షించాలి. వెబ్ పేజీలో బటన్ నొక్కి, "హాయ్, టెస్ట్ మెయిల్" అని పంపి, వచ్చిందని మురిసిపోతే అది టెస్టింగ్ కాదు, శకునం చూసుకోవడం.

గ్నూ మెయిల్‌మ్యాన్‌నే తీసుకుందాం. ఉచిత సాఫ్ట్‌వేర్, పైథాన్‌లో రాశారు, మూడో వెర్షన్ 2015లో వచ్చింది. ఇందులో అసలు పనంతా చేసే భాగం పేరు కోర్. మనకి కనబడే సెట్టింగుల పేజీలు పోస్టోరియస్ అనే వేరే ప్రోగ్రాం. పాత మెయిళ్ళు దాచి చూపించేది హైపర్‌కిట్టీ అనే ఇంకోటి. అంటే బటన్లు నొక్కి చూస్తున్నంతసేపూ కోర్‌ని పోస్టోరియస్ కిటికీలోంచి చూస్తున్నామన్నమాట. ఏదైనా తేడా వస్తే, తప్పు కిటికీదా ఇంటిదా అన్నది తేలదు.

కమాండ్ లైన్ నుంచైతే నేరుగా లోపలికే వెళ్తాం. 'మెయిల్‌మ్యాన్ క్రియేట్' అంటే లిస్టు తయారవుతుంది. 'మెయిల్‌మ్యాన్ మెంబర్స్' అంటే ఎవరెవరున్నారో చూపిస్తుంది. 'మెయిల్‌మ్యాన్ ఇంజెక్ట్' అంటే, మనం ఫైల్లో రాసిపెట్టుకున్న ఉత్తరాన్ని నేరుగా క్యూలో పడేస్తుంది. లోపల ఎక్కడైనా ఎర్రర్ వచ్చి ఆగిపోయిన ఉత్తరం 'షంట్' అనే ఫోల్డర్లోకి చేరుతుంది. 'క్యూఫైల్' కమాండుతో దాన్ని విప్పి చదవొచ్చు.

మరి బయటికి పోయే మెయిళ్ళ సంగతి? దానికీ దారుంది. ఏఐఓఎస్‌ఎంటీపీడీ అనే పైథాన్ ప్యాకేజీని నడిపితే మన కంప్యూటర్లోనే 8025 పోర్టు మీద ఒక ఉత్తుత్తి మెయిల్ సర్వర్ కూర్చుంటుంది. వచ్చిన ప్రతి మెయిల్నీ టెర్మినల్‌లో ప్రింట్ చేస్తుంది, ఎవరికీ పంపదు. సభ్యుల అడ్రసులకి ఎగ్జాంపుల్ డాట్ కామ్ వాడుకోవచ్చు. ఇలాంటి అవసరాలకే దాన్ని 1999లోనే పక్కన పెట్టారు. ఊహించి రాసిన అడ్రసు నిజంగా ఎవరిదో అయ్యే ప్రమాదం ఉండదు.

ఇంకో మెట్టు దిగితే మజా అంతా అక్కడే ఉంది. నెట్‌క్యాట్‌తో మెయిల్ సర్వర్‌కి కనెక్ట్ అయితే అది 220 అని పలకరిస్తుంది. మనం 'హెలో' అనాలి. ఎవరు పంపుతున్నారో, ఎవరికి పంపుతున్నారో చెప్తుంటే 250, 250 అని ఊఁ కొడుతుంది. 'డేటా' అంటే 354, అంటే "ఇక చెప్పు" అని. ఉత్తరం మొత్తం రాసి, ఆఖర్న ఒక లైన్లో ఒక్క చుక్క పెడితే అయిపోయినట్టు. ఒక్కసారి చేత్తో టైపు చేసి చూస్తే తెలుస్తుంది, కవరు మీద పేరు వేరు, లోపల సంతకం వేరు అని. లిస్టు సాఫ్ట్‌వేర్ బతుకంతా ఈ తేడా మీదే. సభ్యుడి ఉత్తరాన్ని కొత్త కవర్లో పెట్టి అందరికీ పంచుతుంది. ఎవరికైనా అందకపోతే ఆ కబురు రాసినవాళ్ళకి కాదు, లిస్టుకి రావాలి. అందుకే కవరు మీద తన అడ్రసు రాసుకుంటుంది.

సరే, ఏం పరీక్షించాలి? నా లెక్కలో 'వెళ్ళిందా' కన్నా 'వెళ్ళకూడనిది ఆగిందా' అన్నదే ముఖ్యం. సభ్యుడు కానివాడు రాస్తే ఆగాలి. 'లీవ్' అడ్రసుకి రాసి, కన్ఫర్మ్ చేసి బయటికెళ్ళిపోయినవాళ్ళకి తర్వాతి మెయిల్ రాకూడదు. ఎవరో ఊరెళ్తూ "నేను సెలవులో ఉన్నాను" అనే ఆటో రిప్లై పెట్టుకున్నారనుకోండి. లిస్టు మెయిల్ వాళ్ళకి వెళ్తుంది, ఆ ఆటో రిప్లై లిస్టుకి వస్తుంది, లిస్టు దాన్ని మళ్ళీ అందరికీ పంపుతుంది, వాళ్ళ మెషీన్ మళ్ళీ జవాబిస్తుంది. ఆపకపోతే తెల్లారేసరికి అందరి ఇన్‌బాక్సులూ నిండిపోతాయి. ఆటో రిప్లైలు 'ఆటో-సబ్మిటెడ్' అనే హెడర్‌తో తమని తాము చెప్పుకోవాలని 2004లోనే ప్రమాణం రాశారు. ఆ హెడర్ ఉన్న ఉత్తరాన్ని వెబ్ పేజీలోంచి ఎలా పంపుతారు? ఫైల్లో రాసి ఇంజెక్ట్ చేస్తే ఒక్క నిమిషం పని.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది రిప్లై-టూ. లిస్టు సెట్టింగులో 'జవాబులు లిస్టుకే' అని పెట్టారనుకుందాం. ఫీజుకి ఇంకో నెల గడువు కావాలని, ఇంట్లో పరిస్థితి ఇదీ అని ఒకమ్మాయి కోఆర్డినేటర్ ఒక్కరికే రాద్దామని రిప్లై నొక్కుతుంది. అది బ్యాచ్ మొత్తానికీ వెళ్తుంది. సాఫ్ట్‌వేర్ లెక్కలో అంతా సవ్యంగానే జరిగింది. క్రాష్ లేదు, ఎర్రర్ లేదు, ప్రతి కాపీకీ 250 వచ్చింది. ఆ అమ్మాయి మాత్రం మర్నాడు క్లాసులోకి ఎలా వెళ్ళాలి? బయటికొచ్చిన మెయిల్లో రిప్లై-టూ లైన్ ఏముందో టెర్మినల్‌లో చూసి ఉంటే, ఆ సెట్టింగు పెట్టాలా వద్దా అని పదిమంది కూర్చుని ముందే మాట్లాడుకునేవాళ్ళు.

మన క్లబ్బు కాబట్టి తెలుగు పరీక్ష కూడా తప్పదు. 'తెలుగు' అన్న మాటని ప్రింట్‌ఎఫ్ నుంచి డబ్ల్యూసీకి పంపి చూడండి. మన కంటికి మూడక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఆరు, ఎందుకంటే గుణింతం గుర్తులు విడి. యూటీఎఫ్-8లో 18 బైట్లు. మెయిల్ సబ్జెక్టులో ఇంగ్లీషు కాని అక్షరాల్ని ముక్కలుగా కోడ్ చేసి పంపాలి, ఒక్కో ముక్క 75 క్యారెక్టర్లు దాటకూడదు. బేస్-64లో లెక్కేస్తే ముక్కకి 45 బైట్లు, అంటే 15 తెలుగు గుర్తులు. 'ఉగాది కవి సమ్మేళనానికి రచనలు పంపండి' అన్న సబ్జెక్టు 97 బైట్లు, కనీసం మూడు ముక్కలవుతుంది. దానికి ముందు లిస్టు తన పేరు కూడా తగిలిస్తుంది. ఒక గుర్తు మధ్యలో కోత పడిందంటే అవతల చదివేవాళ్ళకి ప్రశ్నార్థకాలో, పెట్టెలో కనిపిస్తాయి. 'హాయ్' అని టెస్ట్ మెయిల్ పంపితే ఇది ఏ జన్మకీ బయటపడదు.

"టెర్మినల్ అంతా బిల్డప్ బాస్, మామూలు మనుషులు వాడేది వెబ్ పేజీయే కదా" అంటారు మనోళ్ళు. అందులో సగం నిజం. సభ్యులు వాడే పేజీని కూడా ఫోన్లో తెరిచి చూడాల్సిందే, ముఖ్యంగా బయటికెళ్ళే దారి వాళ్ళకి దొరుకుతోందో లేదో. కానీ బటన్ నొక్కుళ్ళని ఎవరూ రాసిపెట్టుకోరు. కమాండ్లైతే ఒక ఫైల్లో ఉంటాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయినప్పుడల్లా మళ్ళీ నడపొచ్చు.

మన క్లబ్బుల్లో ఇది ఇంకా అవసరం. లిస్టు పెట్టిన సీనియర్లు ఫైనలియర్ అయ్యాక వెళ్ళిపోతారు. జూనియర్లకి మిగిలేది ఒక పాస్‌వర్డూ, "దాన్ని కెలక్కండ్రా" అనే సలహా. దానికి బదులు పాతిక లైన్ల టెస్ట్ స్క్రిప్టు, నాలుగు నమూనా ఉత్తరాలు ఇచ్చి వెళ్తే, వచ్చే ఏడాది కమిటీ ధైర్యంగా కెలుకుతుంది.