మఱ్ఱినీడకు బోవువారికి

మన తనకల్లు సీమలో నీడ అపురూపము. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను ఈ మెట్టపై, పొరుగుననున్న గూటిబయలు చేరిన బాటసారికి తిమ్మమ్మ మఱ్ఱిమాను ఎడారిలోని ఖర్జూరవనమువలె దోచును. దాదాపు 5 ఎకరములు గప్పిన యీ యొక్క చెట్టు 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది.

1434లో తిమ్మమ్మ సహగమనము చేసిన చితియందలి గుంజ చిగిర్చి ఈ మానయ్యెనని స్థలపురాణము. సహగమనమును మేము మెచ్చజాలము. అయినను, ఆకు త్రుంచినవారికి చేటు మూడునని గ్రామస్థులు భయపడుట జూచి నవ్వువారితో మేము ఏకీభవింపము. వంటకట్టెకు కఱవైన సీమలో గొడ్డలిని ఆపినది ఆ భయమే యని మా తలంపు. సహారాయందలి బెర్బరులు కాలువనీటిని వంతులుగా బంచుకొని తోటలను నిలుపుకొనిరి; మనవారికి కట్టుబాటు భక్తిరూపమున వచ్చినది, అంతియే భేదము.

ఊడ నేలకు దిగి పాతుకొన్నగాని కొమ్మకు ఊత లేదు. అందుకై అటవీశాఖవారు లేతయూడలను మట్టి నింపిన వెదురుబొంగులలో నడపి నేలకు జేర్చుచుందురు. విహారమునకు బోవు విద్యార్థులు వానిని బట్టుకొని యూగుటయు, బోదెలపై పేర్లు చెక్కుటయు మానవలెను. భోజనము చేసిన విస్తరులను మూటగట్టి వెంట దెచ్చుకొనవలెను.