కాపీ అనే ముందు వినండి

ఇటాలియన్ ప్రోగ్రెసివ్ రాక్ మాటెత్తితే చాలు, "ఆఁ, బ్రిటిష్ వాళ్ళ కాపీయేగా" అనేస్తారు. వినీ వినీ నాకు విసుగొచ్చింది.

ప్రభావం లేదని ఎవరన్నారు? పీఎఫ్ఎం బ్యాండ్ తొలిరోజుల్లో కింగ్ క్రిమ్సన్ పాటలు వాయించిందే. కానీ ఈ లెక్కలో రెండో వైపు ఎవరూ చూడరు. వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్ 1971 ఆల్బమ్ 'పాన్ హార్ట్స్' సొంత దేశంలో చార్టుల్లోకే రాలేదు. ఇటలీలో మొదటి స్థానంలో నిలిచింది. ఇంట్లో దొరకని చెవులు అక్కడ దొరికాయి.

మరి ఇటలీ సంగీతానికి బ్రిటన్‌లో దొరికిందేంటి? 1973లో పీఎఫ్ఎం పాటలకి పీట్ సిన్‌ఫీల్డ్ ఇంగ్లిష్ మాటలు రాశాడు. లే ఓర్మే 'ఫెలోనా ఎ సొరోనా'కి పీటర్ హామిల్ రాశాడు. ఇద్దరూ గొప్పవాళ్ళే, కాదనను. అయినా అడుగుతాను: ఇటలీ కుర్రాళ్ళు హామిల్‌ని ఇంగ్లిష్‌లోనే విన్నారు కదా, వీళ్ళకి మాత్రం ఇంగ్లిష్ వేషం ఎందుకు కట్టాలి? వేషం కట్టించి, ఆనక "మనలాగే ఉన్నారే" అనడం ఏం న్యాయం?

అదే ఏడాది వచ్చిన అరేయా తొలి ఆల్బమ్ అరబిక్ మాటలతో మొదలవుతుంది. ఆ వెంటనే బాల్కన్ లయ. దేమెత్రియో స్త్రాతోస్ గొంతు. ఇది ఏ లండన్ బ్యాండ్‌కి కాపీయో చెప్పండి.

బాంకో 'డార్విన్!' అయినా, పీఎఫ్ఎం తొలి ఆల్బమ్ అయినా సరే, ముందు ఇటాలియన్‌లోనే వినండి. అర్థం కాకపోతే పోనీ. అప్పుల లెక్క తర్వాత చూసుకుందాం.