బస్తాలు లెక్కబెడుతున్నరు, గంటలు ఎవరు లెక్కబెట్టాలె?

కోతల కాలం వచ్చిందంటే మిర్యాలగూడ మిల్లుల ముందర వడ్ల ట్రాక్టర్లు, లారీలు బారులు తీరుతయి. ఆ బస్తాలు దించే హమాలీని ‘పొద్దున్నుంచి ఎన్ని గంటలు పని చేసినవన్నా’ అని అడగండి. చెప్పలేడు. ఎన్ని బస్తాలో అడగండి, ఠక్కున చెప్తడు. కూలి బస్తా మీద గదా! సూర్యాపేట మార్కెట్ యార్డులో ఇదే లెక్క. కోదాడ రోడ్డు మీద లారీ తోలేటోనికి ట్రిప్పు లెక్క. బస్తాలకు, ట్రిప్పులకు బుక్కు ఉన్నది. గంటలకు లేదు. అందుకే ఎనిమిది గంటల చట్టం మనోళ్ల గడప దాక రాలేదంటున్నం.

‘ఎక్కువ మోస్తే ఎక్కువ సంపాదిస్తడు, మీకేం నొప్పి’ అంటరు కొందరు. నొప్పి మాకు కాదు, వాని నడుముకు. పొద్దున మోసినా రాత్రి పదింటికి మోసినా బస్తా బరువొకటే. మనిషే ఒకటి కాదు. మోకాళ్లు వణికినంక లారీకి ఆనించిన చెక్క మీద కాలు జారితే మెడ విరుగుతది. ఊక దుమ్ము ఎనిమిది గంటలు పీల్చినోడు, పద్నాలుగు గంటలు పీల్చినోడు ఒక్కటెట్లయితరు? యాసంగి వడ్లు వచ్చేది ఏప్రిల్, మే ఎండల్లో. ఆ మోసే భుజం ఎవరిదో వేరే చెప్పాల్నా? మాల, మాదిగ వాడలది, తండాలది, ఇప్పుడు బీహార్ నుంచి వచ్చిన పిల్లలది. వాడు మంచాన పడితే పెద్దమనుషులు ‘తాగి చెడిపోయిండు’ అంటరు. తాగుడు లేదని మేం బుకాయించం. పొద్దుగూకంగ ఇంటికొచ్చి పండుకునేటట్లయితే ఎంత తాగుతడో ముందు చూద్దాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్క తీసినయి. వారానికి 55 గంటలు, ఆపైన చేసేటోళ్లకు 35-40 గంటలోళ్ల కన్నా పక్షవాతం ప్రమాదం 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చచ్చే ప్రమాదం 17 శాతం ఎక్కువ.

ఇక డ్రైవర్ల సంగతి. 65వ నంబరు హైవే మీద పోలీసులు నోట్లో గొట్టం పెట్టి ఊదమంటరు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. మంచిదే. కానీ 17 గంటలు నిద్ర లేనోని చురుకు 50 మిల్లీగ్రాములు ఎక్కినోని తీరుగనే ఉంటదని శాస్త్రజ్ఞులు పరీక్షలు చేసి చెప్పిండ్రు. నిద్రకు గొట్టం లేదు. తెల్లారుజామున సూర్యాపేట దాటినంక కునుకు పడితే కేసు డ్రైవర్ మీదనే, పొద్దటికల్లా సరుకు దించాలన్న ఓనర్ మీద కాదు.

ఎనిమిది గంటలు ఎవరి దయా కాదు. అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన కాలంలోనే, 1946లో, ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటలు 48కి దిగినయి. 1948 చట్టం దాన్నే నిలబెట్టింది. ఆ చట్టం జాగాలో 2025 నవంబరు 21 నుంచి వచ్చిన కోడ్‌లోనూ రోజుకు 8 గంటలనే రాసిండ్రు. మించితే రెట్టింపు కూలి, అదీ కూలోడు ఒప్పుకుంటేనే. ఏప్రిల్ 14న దండలేసేటోళ్లు ఈ ముచ్చట మైకులో ఎందుకు చెప్పరో! 2025 జులైలో మన రాష్ట్ర సర్కారు వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటలకు జీవో ఇచ్చింది. వారానికి 48 దాటితే ఓవర్‌టైమ్ ఇయ్యాలన్నది. దాటిందని చూపెట్టాలంటే ఎవరో లెక్కబెట్టాలె గదా.

హమాలీ సంఘాలు బస్తా రేటు కోసం కొట్లాడుతయి, కొట్లాడాల్సిందే. ఈసారి రేటు మాట్లాడేటప్పుడు గంటల మాట కూడా పెట్టాలె. ముఠాకొక నోటుబుక్కు చాలు. పని ఎక్కిన టైము, దిగిన టైము, ఎవనికన్నా దెబ్బ తగిలితే అది ఎన్నో గంటనో. సదువొచ్చిన పిలగాడు ఒక్కడుంటే రాస్తడు. వానాకాలం కోతలకు ముందే మొదలుపెడితే లేబర్ ఆఫీసుకు పోయేనాటికి చేతిలో కాయితం ఉంటది.