జేన్‌ని చూసి ‘పాపం’ అనకండి

డేవిడ్ లీన్ పేరు మన బెంగళూరు, రామనగర పక్కవాళ్ళకి పూర్తిగా కొత్తేమీ కాదు. ‘ఎ పాసేజ్ టు ఇండియా’లో కనిపించే గుహల కొండలు మన సావనదుర్గ పక్కవే. 1984లో వచ్చిన ఆ సినిమానే ఆయన ఆఖరిది. దానికి చానా ఏళ్ళ ముందు, 1955లో, ఆయనదే ‘సమ్మర్‌టైమ్’ అని ఒక సినిమా వచ్చింది. వెనిస్‌లో తీసిన ప్రేమకథ. తన సినిమాలన్నిట్లో తనకి ఎక్కువ ఇష్టమైంది ఇదేనని ఆయనే చెప్పుకున్నాడు. చూసినవాళ్ళు మాత్రం ఎక్కువమంది ఒకటే మాట అంటారు: పాపం, వయసు దాటినా ఆమెకి పెళ్ళి కాలేదు, దొరికినవాడు కూడా దక్కలేదు, అని. ఈ మాట నేను ఒప్పుకోను.

చూడనివాళ్ళ కోసం కథ కొంచెం చెప్తాను. జేన్ హడ్సన్ అమెరికాలో ఒహాయో రాష్ట్రం ఏక్రన్ ఊళ్ళో సెక్రటరీ. జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో ఒంటరిగా వెనిస్ చూడ్డానికి వస్తుంది. ఆ పాత్ర వేసిన కాథరిన్ హెప్బర్న్‌కి షూటింగ్ నాటికి 47 ఏళ్ళు. అక్కడ రెనాటో అనే ఆయన పరిచయమవుతాడు, పాత సామాన్ల అంగడి ఆయనది. 18వ శతాబ్దందని చెప్పిన ఒక ఎర్ర గాజు గ్లాసు ఆ అంగట్లో కొనుక్కుంటుంది. కొన్ని రోజులకి, ఆమె దిగిన చోటే దిగిన ఇంకో అమెరికా జంట అచ్చం అట్లాంటివే అర డజను కొత్త గ్లాసులు మురానో నుంచి తెచ్చి చూపిస్తారు! తర్వాత తెలుస్తుంది, ఆయనకి పెళ్ళయింది, పిల్లలున్నారు, భార్యతో కలిసి ఉండట్లేదు. అంగట్లో మేనల్లుడని చెప్పిన కుర్రాడు కొడుకే. ఇదంతా తెలిసీ ఆమె ఆయనతో కొన్నాళ్ళు గడుపుతుంది. ఒకరోజు తనే చెప్తుంది, నేను పోతున్నాను అని. ఆయన వద్దంటాడు. ఆమె రైలెక్కేస్తుంది.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ప్రతి టెస్ట్ కేసులోనూ ‘ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్’ అని ఒక గడి ఉంటుంది. ఈ సినిమాకి మనం ముందే ఆ గడిలో ‘పెళ్ళి’ అని రాసిపెట్టుకుని, చివర్లో అది కనబడక ‘ఫెయిల్’ అని కొట్టేస్తున్నాం. ఆ గడి నింపింది ఎవరని ఎవరూ అడగరు.

ఇంకొందరు అంటారు, ఆ కాలం హాలీవుడ్ నియమాల వల్ల తప్పుడు సంబంధం పెట్టుకున్న ఆడదాన్ని అట్ల పంపేయాల్సి వచ్చింది, అది శిక్ష అని. నియమాల గొడవ నిజమే. పెళ్ళైన మగవాడితో సంబంధం చూపించారని అభ్యంతరం చెప్పారు, కొంత కోయించారు కూడా. వాళ్ళిద్దరూ కలిసిన రాత్రి మనకి కనిపించేది ఆకాశంలో టపాసులు, బాల్కనీలో వదిలేసిన ఒక చెప్పు, అంతే. (మన సినిమాల్లో రెండు పువ్వులు తాకించినట్టు.) కానీ ముగింపు శిక్ష అనడం సరికాదు. ఈ సినిమాకి మూలం ఆర్థర్ లారెంట్స్ 1952లో రాసిన నాటకం. అందులోనూ ఆ బంధం నిలవదు, డబ్బుల దగ్గర అనుమానం వచ్చి చేదుగా తెగిపోతుంది. లీన్ ఆ చేదు తీసేసి, ఎప్పుడు వెళ్ళాలన్న నిర్ణయం జేన్ చేతికిచ్చాడు. శిక్షించాలనుకున్నవాడు అట్ల ఇస్తాడా?

చివరి సీను ఇంకోసారి చూడండి. మొదట్లో ఈమె ఊరంతా కెమెరాలోంచే చూస్తుంటుంది. రెనాటో అంగడిని ఫిల్మ్ తీస్తూ వెనక్కి నడిచి నడిచి కాలువలో పడుతుంది కూడా. రైలు కదిలేటప్పుడు ఆ కెమెరా చేతిలో లేదు. ఆయన గార్డీనియా పువ్వు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుతాడు, అందించలేక దూరంనుంచే పైకెత్తి చూపిస్తాడు. ఆమె కిటికీలోంచి ఒళ్ళంతా బయటికి పెట్టి చెయ్యి ఊపుతుంది, నవ్వుతూ. ఓడిపోయినవాళ్ళు అట్ల ఊపరు.

సినిమాలో నాకు నచ్చనిది ఒకటుంది. వాళ్ళ ప్రేమంతా ఇంగ్లీషులోనే. మాటలు వెతుక్కునే కష్టం రెనాటోదే, తన ఊళ్ళో తను ఉండి కూడా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఆఫీసులో ఇంగ్లీషు అని బతికే మనలాంటివాళ్ళకి ఇది వెంటనే తగుల్తుంది. లీన్‌కి తగల్లేదు. జేన్ ముఖం మీద పెట్టిన శ్రద్ధలో సగం ఆయన మీద పెట్టుంటే బాగుండేది.

సరే, ఇది ఇక్కడెందుకు రాస్తున్నానంటే, మన వంశవృక్షం చూశాను. ఐదు తలాల పేర్లున్నాయి. పెళ్ళైన ప్రతి ఆడపిల్ల పక్కన భర్త పేరు, కింద పిల్లల పేర్లు. మా అత్త, అంటే నాన్నగారి అక్క, పేరు కింద ఒక గీత కూడా లేదు. ఆమె టైపిస్టు. కోలారులో 30 ఏళ్ళు ఉద్యోగం చేసింది. నా బడి ఫీజులు కట్టింది ఆమే. ఒకసారి ఆఫీసులో రజా పెట్టి ఒంటరిగా డార్జిలింగ్ పోయి పదిహేను రోజులుండి వచ్చింది. అక్కడ ఏం చూసింది, ఎవరితో మాట్లాడింది అని ఇంట్లో ఎవరూ అడిగినట్టు లేదు. పెద్దవాళ్ళకి ఆమె పేరు గుర్తొస్తే ముందు వచ్చే మాట ‘పాపం’.

జేన్ గురించి కూడా ఏక్రన్‌లో ఇదే అనుకుని ఉంటారు. తిరిగొచ్చాక ఆఫీసులో ఆమె ఎవరికీ ఏమీ చెప్పకపోవచ్చు. మనం సినిమా చూశాం కాబట్టి మనకి తెలుసు.

వంశవృక్షం కొత్తగా అచ్చు వేయించే పెదనాన్నగారికి ఒక మనవి. అత్త పేరు కింద ‘అవివాహిత’ అని రాయకండి. టైపిస్టు, కోలారు అని రాయండి. డార్జిలింగ్ కూడా రాయండి. ఏ ఏడాదో ఆమెనే అడిగి రాయండి, చెప్తుంది.