మందుచీటీ మీద ఎవరి పేరు?

"తన మనసే బాగోలేనివాడు మనకేం వైద్యం చేస్తాడు?" ఈ మాట అనేది చదువురానివాళ్లు కాదు. సంబంధాలు చూసే పెద్దమనుషులు అంటారు, ఆస్పత్రి యజమానులు అంటారు, డ్యూటీ రూములో టీ తాగుతూ డాక్టర్లే అంటారు. డాక్టరుకు షుగరుందంటే ఎవరూ పట్టించుకోరు. డిప్రెషన్‌కు మాత్రలు వేసుకుంటున్నాడంటే మాత్రం రోగి లేచిపోతాడని వాళ్ల నమ్మకం. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి పేరునే తిట్టుగా వాడుకునే మనం లేచినా లేస్తాం. అంతమాత్రాన ఆ నమ్మకం నిజమైపోదు.

అది ఏం చేయిస్తుందో చూడండి. బైపోలార్ ఉన్న పీజీ డాక్టరు ఒకడున్నాడనుకుందాం. లిథియం వాడాలి. అది వేసుకుని మరిచిపోయే మాత్ర కాదు. రక్తంలో ఎంతుందో చూసుకుంటూ ఉండాలి, చివరి మాత్ర పడ్డ 12 గంటలకు రక్తం ఇవ్వాలి. సొంత కాలేజీ ల్యాబ్‌లో ఇస్తే రిపోర్టు తన చేతికి రాకముందే యూనిట్ అంతటికీ తెలిసిపోతుంది. అందుకని ఊరవతల ల్యాబ్‌కు పోయి మారుపేరుతో ఇస్తాడు. మందుచీటీ తనే రాసుకుంటాడు, నాన్న పేరు మీద. జబ్బు తిరగబెడుతోందని ముందే పసిగట్టాల్సిన సైకియాట్రిస్టు ఇందులో ఎక్కడా లేడు. రోగులకు ప్రమాదం అంటున్నారే, అది పుట్టింది ఇక్కడ. లిథియం వల్ల కాదు, ఆ మారుపేరు వల్ల.

లండన్‌లో దక్షా ఎమ్సన్ అనే భారతీయ మూలాలున్న సైకియాట్రిస్టు ఉండేది. బైపోలార్ జబ్బు. తోటి డాక్టర్లకు తెలిస్తే ఏమవుతుందోనని గుట్టుగా నెట్టుకొచ్చింది. గర్భం కోసం మందులు ఆపింది. 2000 అక్టోబరులో జబ్బు తిరగబెట్టి మూడు నెలల పాప ప్రాణం, ఆమె ప్రాణం రెండూ పోయాయి. 2003 విచారణ నివేదిక, వైద్యరంగంలోనే పాతుకుపోయిన చిన్నచూపును బయటపెట్టింది. డాక్టర్లు గోప్యంగా వైద్యం పొందే ప్రత్యేక కేంద్రం అక్కడ 2008లో వచ్చింది.

అమెరికాలో లైసెన్సు ఫారాలు నింపిన మన తెలుగు డాక్టర్లకు ఇంకో సంగతి తెలిసే ఉంటుంది. ఎప్పుడైనా మానసిక చికిత్స తీసుకున్నారా అని చాలా రాష్ట్రాలు అడిగేవి. 2020లో న్యూయార్క్ డాక్టరు లోర్నా బ్రీన్ ఆత్మహత్య చేసుకున్నాక, లైసెన్సు పోతుందేమోనని ఆమె భయపడిందని కుటుంబం చెప్పింది. 2022లో ఆమె పేరిట చట్టం వచ్చింది. పలు రాష్ట్రాలు ప్రశ్న మార్చాయి: ఇప్పుడు మీ పనికి అడ్డొచ్చే జబ్బేదైనా ఉందా? అడగాల్సింది అదే. మేనియా ఉధృతంగా ఉన్నవాడి చేతికి కత్తి ఇమ్మని ఎవరూ అనడం లేదు. కామెర్లొచ్చిన సర్జన్ సెలవు పెడతాడు, తగ్గాక వస్తాడు. ఇక కత్తి పట్టకు అని ఆయనకు చెబుతామా?

మన చట్టమూ ఈ మాటే అంటోంది. గతంలో వైద్యం తీసుకున్నంత మాత్రాన ఇప్పుడూ జబ్బుందని తేల్చడానికి వీల్లేదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. వైకల్యం శాతం చూసి ఎంబీబీఎస్ సీటు కాదనకూడదని, చదువు సాగించగలరా లేదా అన్నది పరీక్షించాలని 2024లో సుప్రీంకోర్టు ఓంకార్ గోండ్ కేసులో తేల్చింది. అదే ఏడాది జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ సర్వేలో జవాబిచ్చిన ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది తమకు మానసిక సమస్య ఉందన్నారు. పనికిరారనే లెక్కన నాలుగో వంతు క్లాసును ఇంటికి పంపాలి. పంపండి, ఓపీలు ఎవరు చూస్తారో తెలుస్తుంది.

ఇక "మా రోజుల్లో మేం చెయ్యలేదా" అనే చీఫ్‌లు. చేశారు. చెయ్యలేక చదువు మానేసినవాళ్లు ఈ మాట చెప్పడానికి ఇక్కడ లేరు, అంతే తేడా. నిద్ర చెడితే మేనియా తిరగబెడుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లే డ్యూటీ చార్టులో 36 గంటలు వేస్తారు. వారానికి 74 గంటలు మించొద్దని ఆ టాస్క్‌ఫోర్సే చెప్పింది. కాలేజీలు చేసేదేమో ఏడాదికోసారి యోగా క్లాసు. హాజరు తప్పనిసరి!

కావలసినవి పెద్దవేం కావు. కాలేజీతో సంబంధం లేని సైకియాట్రిస్టు, ప్రిన్సిపాల్ బల్ల మీదికి పోని కేస్ షీటు, అవసరమైనవాళ్లకు నైట్ డ్యూటీల మినహాయింపు. తిరిగి చేరేటప్పుడు కామెర్ల సర్జన్ తెచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టే వీళ్లూ తెస్తారు. ఏ జబ్బో అందులో రాయనక్కర్లేదు.