డిష్‌వాషర్ నీళ్ళు తోడుతూనే ఉంటే

పోయిన నెల మిక్సీ జార్ లీకు గురించి రాశాక, డిష్‌వాషర్ గురించి కూడా రాయమని చాలామంది అడిగారు. రేపు మాపు అంటూ నేను వాయిదా వేస్తుంటే, చివరికి మా ఇంటి మెషీనే నాచేత రాయించింది.

ఆ రోజు నాకు నైట్ డ్యూటీ. మా ఆయన పని మీద జకార్తా వెళ్ళారు. టాంపినీస్‌లో మా ఫ్లాట్‌లో అత్తయ్య ఒక్కరే ఉన్నారు. పొద్దున ఎనిమిదిన్నరకి తలుపు తీసేసరికి వంటింట్లోంచి గుర్రుమని ఒకటే మోత. అత్తయ్య సోఫాలో ముడుచుకుని కూర్చున్నారు. "రాత్రి పదకొండు నుంచి ఇంతేనమ్మాయ్. బటన్ నొక్కాను, ఆగలేదు. దాని తలుపు తీశాను, అయినా ఆగలేదు. డ్యూటీలో ఉంటావని ఫోన్ చెయ్యలేదు" అన్నారు. డెబ్బై దాటిన మనిషి. ఏ క్షణాన ఏం పేలుతుందో అనుకుంటూ రాత్రంతా ఆ మోత వింటూ కూర్చున్నారు.

అందుకే ముందు ఇది చెప్తాను, ఇంట్లో అందరికీ చూపించి పెట్టండి. ఈ జబ్బు చేసినప్పుడు మెషీన్ మీది బటన్ నొక్కినా చాలా మోడళ్ళు ఆగవు. గోడ దగ్గరి స్విచ్చే ఆపాలి. ఆ స్విచ్ దగ్గర నేల తడిగా ఉంటే దాని జోలికి పోకండి, డీబీ బాక్సులో ఆపండి. తర్వాత సింకు కింద మెషీన్‌కి నీళ్ళిచ్చే కుళాయి కట్టెయ్యండి. మన హెచ్‌డీబీ ఇళ్ళల్లో మన నేలే కిందివాళ్ళ సీలింగ్. చుక్క దిగిందంటే రెండిళ్ళవాళ్ళకీ తలనొప్పే.

ఇక అది ఎందుకలా తోడుతుంది? మోటారు పాడైందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది తన డ్యూటీ తాను చేస్తోంది. వార్డులో ఐవీ పంపు బీప్ కొడితే పంపు పాడైందనుకోం కదా, ముందు లైను చూస్తాం. ఇదీ అంతే. చాలా మెషీన్లలో గిన్నెలు పెట్టే తొట్టి కింద, మనకి కనపడకుండా ఒక పళ్ళెం లాంటిది ఉంటుంది. అందులో థర్మోకోల్ ముక్కలాంటి తేలేది ఒకటి, దానికో చిన్న స్విచ్. ఎక్కడైనా లీకై ఆ పళ్ళెంలోకి నీళ్ళు చేరితే ఆ ముక్క పైకి లేస్తుంది, స్విచ్ పడుతుంది. "ఇల్లు మునుగుతోంది" అనుకుని మెషీన్ లోపలికి నీళ్ళు రావడం ఆపేసి, తోడే మోటారు ఆన్ చేస్తుంది. కానీ ఆ మోటారు తోడేది పైతొట్టిలో నీళ్ళని. కింది పళ్ళెంలో నీళ్ళు అలాగే ఉంటాయి. కాబట్టి ఖాళీ తొట్టిని తోడుతూనే ఉంటుంది, పాపం.

తొట్టి ఖాళీగా ఉండి మోటారు మోగుతుంటే అనుమానం ఈ పళ్ళెం మీదే. అలాకాక, కరెంటు ఆపేశాక కూడా తొట్టిలోకి నీళ్ళు వస్తున్నాయా? అయితే నీళ్ళు వదిలే వాల్వు మూసుకోవట్లేదు, కుళాయి కట్టేసి మెకానిక్‌ని పిలవండి. మోటారు మోత లేకుండానే నీళ్ళు జారిపోతుంటే వెనక పైపు చూడండి. అది సింకు కింద ఒకసారి ఎత్తుగా పైకెళ్ళి దిగాలి. కిందకి జారిపోయి ఉంటే, నిండిన నీళ్ళు నిండినట్టే తమంతట తామే పోతాయి. కరివేపాకులూ ఆవాలూ ఫిల్టర్‌లో ఇరుక్కుని నీళ్ళు పోకపోవడం వేరే జబ్బు, దాని గురించి మరోసారి.

మా ఇంట్లో పళ్ళెమే. తొట్టిలో మిగిలిన నీళ్ళు గ్లాసుతో తోడి, స్పాంజితో అద్దేశాను. మాది గోడకి బిగించినది కాదు కాబట్టి, పక్కింటి మక్‌చిక్ వాళ్ళబ్బాయిని పిలిచి, కింద పాత తువ్వాళ్ళు పరిచి, ఇద్దరం కలిసి మెషీన్‌ని వెనక్కి వంచాం. ఒక్కరే చెయ్యబోకండి, నడుం పోతుంది. బిగించిన మెషీన్ అయితే మెకానిక్ పనే. కింద నుంచి నీళ్ళతో పాటు తెల్లటి నురగ కారింది. అప్పుడు అర్థమైంది నాకు.

అంతకుముందు, ఇల్లు చేరిన పది నిమిషాల్లోనే, నిద్ర కళ్ళతో "ఏం ముట్టుకున్నారు అత్తయ్యా?" అని అడిగాను. అడిగిన తీరు నాకే నచ్చలేదు. ఆవిడ ఏమీ అనలేదు. నురగ చూశాక మెల్లగా చెప్పారు. టాబ్లెట్లు అయిపోయాయట. సింకు దగ్గరున్న ఆకుపచ్చ లిక్విడ్ కూడా గిన్నెలు తోమే సబ్బేగా అని రెండు చెంచాలు పోశారట. "టికెట్టు ముందుకి మార్చమని అబ్బాయికి చెప్పమ్మా, నావల్ల మీకు పనే కానీ సాయం లేదు" అన్నారు.

చేత్తో తోమే సబ్బు మెషీన్‌లో పడితే నురగ పొంగి తలుపు సందుల్లోంచి పళ్ళెంలోకి దిగుతుంది. తప్పు నాదే. టాబ్లెట్లు అయిపోతున్నాయని తెలిసీ కొనలేదు, ఏది వెయ్యకూడదో చెప్పనూ లేదు. ఆ మాటే ఆవిడతో అన్నాను. తర్వాత ఈ మెషీన్ కథ చెప్పాను. అమెరికాలో జోసెఫిన్ కాక్రన్ అనే ఆవిడ పనివాళ్ళు పింగాణీ పళ్ళాలకి పెచ్చులూడగొడుతున్నారని విసిగిపోయి, తనే మెషీన్ తయారుచేసి 1886లో పేటెంట్ తీసుకున్నారు. 1893 షికాగో ప్రదర్శనలో దాన్ని చూపించారు కూడా. అత్తయ్య విని, "అయితే ఆవిడ ఇంట్లోనూ ఏదో ఒకటి పగిలిందన్నమాట" అని అప్పుడు నవ్వారు.

స్విచ్ ఆపేసి, ఫ్యాన్ పెట్టి ఒక రోజంతా ఆరనిచ్చాం. తొట్టిలో మిగిలిన నురగ తీసేసి, చన్నీళ్ళు పోసి, ఊరికే ఒకసారి తోడించాం. తర్వాత గిన్నెలేమీ లేకుండా ఒక వాష్ వేసి, టార్చి పట్టుకుని చుట్టూ కింద చూశాను. చుక్క లేదు. మీకు మళ్ళీ నీళ్ళు చేరితే మాత్రం అసలు లీకే ఉన్నట్టు. తలుపు రబ్బరో, లోపలి పైపో, మోటారు దగ్గరి సీలో, ఏదైనా కావచ్చు. మళ్ళీ మళ్ళీ ఆరబెట్టి వాడుకోకండి, అక్కడ కరెంటు కూడా ఉంది. పళ్ళెం పొడిగా ఉన్నా మోటారు ఆగట్లేదంటే ఆ చిన్న స్విచ్చో, లోపలి బోర్డో పోయినట్టు. అదీ మెకానిక్ పనే.

టికెట్టు మార్చలేదు. మర్నాడు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి గోడ స్విచ్ పక్కన అత్తయ్య గుండ్రటి అక్షరాల్లో ఒక కాగితం అంటించి ఉంది: "మోత ఆగకపోతే ఇది ఆపాలి. తర్వాత కోడలికి ఫోన్ చెయ్యాలి. డ్యూటీలో ఉన్నా సరే."